పాత క్రోనోగ్రాఫ్‌లో ఏది అప్పటిది, ఏది తర్వాత వేసింది?

పాత క్రోనోగ్రాఫ్ వాచీ, అంటే స్టాప్‌వాచ్ కూడా ఉన్న చేతి గడియారం, కనబడగానే అందరూ మొదట అడిగేది "ఒరిజినలేనా?" అని. దీనికి ఒక్క మాటలో అవుననో కాదనో చెప్పేసేవాళ్ళని నేను నమ్మను. అరవై ఏళ్ళ నాటి వాచీ అంటే దాని వెనక మూత ఎన్నోసార్లు తీసి ఉంటారు, లోపల ఎంతోమంది చెయ్యి పడి ఉంటుంది. స్ప్రింగు తెగితే మార్చారు, అద్దం గీతలు పడితే మార్చారు, డయల్ మాసిపోయిందంటే అదీ మార్చేశారు. అందుకని వాచీ మొత్తాన్ని కలిపి ఒకే ప్రశ్న అడిగితే లాభం లేదు. ఒక్కో పార్టునీ సాక్షిని పిలిచినట్టు విడివిడిగా పిలిచి, నువ్వు ఏ కాలం దానివి, ఇందులోకి ఎప్పుడొచ్చావు అని అడగాలి. అందరి సాక్ష్యమూ ఒకే కాలం దగ్గర కలిస్తే సంతోషం. ఎవరిదైనా కలవకపోతే ఎందుకు కలవలేదో తేల్చుకోవాలి.

ముందు ఒక మాట. మార్చిన పార్టు ఉందంటే మోసం జరిగిందని కాదు. 1960ల్లో, 70ల్లో ఈ వాచీలు పనికోసం కొనుక్కున్నవి. పైలట్లూ డ్రైవర్లూ డాక్టర్లూ వాడుకున్నారు. సర్వీసుకి ఇస్తే కంపెనీ వాళ్ళు రంగు మారిన డయల్ తీసేసి కొత్తది వేసి ఇచ్చేవాళ్ళు, యజమాని కూడా సంతోషంగా పెట్టుకునేవాడు. అదే మంచి సర్వీసు అప్పట్లో. నా లెక్కలో ఇలా కంపెనీయే వేసిన సర్వీస్ పార్టు వేరు, అదే మోడల్ ఇంకో వాచీ నుంచి తీసి వేసిన పార్టు వేరు, బయట ఎవరో తయారుచేసిన డూప్లికేట్ వేరు, పాత డయల్ మీదే మళ్ళీ రంగేసి అక్షరాలు అచ్చేసిన రీడయల్ వేరు. ఈ నాలుగింటినీ కలిపి "మార్చారు" అనేస్తే అసలు విషయం పోతుంది. మొదటి మూడూ మళ్ళీ తీసి సరైనది వేసుకోవచ్చు. రీడయల్ సంగతి అలా కాదు, అక్కడ పాత డయల్ శాశ్వతంగా పోయినట్టే. అందుకే నేను ఎప్పుడూ డయల్‌తోనే మొదలుపెడతాను, మిగతావన్నీ తర్వాతే.

పది రెట్లు పెద్దగా చూపించే లూప్ ఒకటి ఉంటే చాలు. ఫ్యాక్టరీలో అచ్చేసిన అక్షరం అంచులు కోసినట్టుగా ఉంటాయి, సిరా కొంచెం పైకి ఉబ్బి ఒకే మందంలో ఉంటుంది. పెద్ద డయల్ లోపలుండే చిన్న డయల్స్‌లో మామూలుగా సన్నటి వలయాల్లాంటి గీతలుంటాయి, వాటి మీద పడ్డ అంకెలు కూడా విరగకుండా ఉంటాయి. రీడయల్‌లో ఈ వలయాలు రంగు కింద సగం పూడుకుపోయి ఉంటాయి, అక్షరాల చివర్లు గుండ్రంగా కరిగినట్టుంటాయి, గీతలు కొన్ని లావు కొన్ని సన్నం. అడుగున ఆరు అంకె కింద ఉండే చిన్న రాత చూడండి, అది కేసు (వాచీ లోహపు పెట్టె) అంచు కింద సగం దాక్కుని ఉన్నా, మధ్యకి కాకుండా పక్కకి జరిగినా అనుమానించాలి. డయల్ విప్పి చూసే అవకాశం ఉంటే అంచు చుట్టూ చూడాలి. రంగు వేసేవాళ్ళు డయల్‌ని తిన్నగా నిలబెట్టుకోవడానికి అంచులో చిన్న గాటు పెట్టడం చాలాచోట్ల కనిపిస్తుంది.

క్రోనోగ్రాఫ్ డయల్‌లో మాత్రం ఇంకో గొప్ప సదుపాయం ఉంది. మిగతా పాత వాచీలకి లేనిది. ఇందులో లెక్కలుంటాయి! టాకీమీటర్ అంటే కిలోమీటరు పోవడానికి పట్టిన సెకన్లని బట్టి గంటకి ఎంత వేగమో చూపించే అంకెల వలయం, 3600ని సెకన్లతో భాగిస్తే వచ్చే వేగం, అంతే. కాబట్టి 30 సెకన్ల గీతకి ఎదురుగా 120 ఉండి తీరాలి, 36 దగ్గర 100, 40 దగ్గర 90, 45 దగ్గర 80, చివర 60 దగ్గర 60. ఈ మధ్య ఒక స్నేహితుడు చూడమని ఇచ్చిన పాత క్రోనోగ్రాఫ్‌లో డయల్ చూడ్డానికి ఎంత శుభ్రంగా ఉందంటే ఎవరైనా ముచ్చటపడతారు, తెల్లటి డయల్, నీలం టాకీమీటర్, ఎర్రటి టెలిమీటర్ (మెరుపు కనబడ్డాక చప్పుడు వినబడేదాకా పట్టిన సెకన్లతో దూరం చెప్పే వలయం), ఎక్కడా మచ్చ లేదు. లూప్ పెట్టి సెకన్ల ముల్లుని నడిపించి సరిగ్గా 36 మీద ఆపాను. ముల్లు కొస 100కి తగల్లేదు, ఒక అర సెకను వెడల్పు అవతల ఉంది. 45 దగ్గర ఇంకాస్త ఎక్కువ తేడా. 30 దగ్గరకొచ్చేసరికి సరిపోయింది. అంటే వలయం మొత్తం తిరిగిపోవడం కాదు, అలా అయితే అన్నిచోట్లా ఒకేలా తప్పాలి. ఇక్కడ చేత్తో చేసిన అచ్చు వల్ల వలయం మధ్యబిందువే పక్కకి జరిగింది. నీలం గీత ఒకచోట నిమిషాల గీతని దాదాపు తాకుతోంది, ఎదురువైపు వాటి మధ్య ఖాళీ బాగా కనిపిస్తోంది. ఫ్యాక్టరీ నుంచి ఇలాంటి డయల్ బయటికి రాదు.

టెలిమీటర్‌కీ ఇదే పద్ధతి. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది కాబట్టి 10 కిలోమీటర్ల గుర్తు 30 సెకన్లకి దగ్గర్లో పడాలి. డాక్టర్ల వాచీల మీద ఉండే, 30 నాడి దెబ్బలకి పట్టిన సెకన్లతో నిమిషానికి ఎన్నో చెప్పే పల్సోమీటర్‌లో అయితే 20 సెకన్ల దగ్గర 90, 30 సెకన్ల దగ్గర 60. ఖర్చు లేని పరీక్షలు ఇవి, మంచి ఫోటో ఉంటే ఫోటోలోనే చేసేయొచ్చు.

తర్వాత లూమ్, అంటే చీకట్లో వెలిగే పూత. దీని చరిత్ర తెలిస్తే సగం పని అయిపోతుంది. 1960ల మొదటిదాకా రేడియం వాడారు, తర్వాత ట్రిటియం వచ్చింది, 1990ల చివరికి రేడియోధార్మికత లేని సూపర్ లూమినోవా వచ్చింది. ట్రిటియం వాడిన స్విస్ డయల్స్ అడుగున స్విస్ అనే మాటకి అటూ ఇటూ ఇంగ్లీషు టి అక్షరం ఉంటుంది. ట్రిటియం సగం తగ్గడానికి పన్నెండేళ్ళ పైచిలుకు పడుతుంది, అంటే అరవై ఏళ్ళకి నూటికి మూడు నాలుగు వంతులే మిగులుతుంది. దానికి తోడు వెలుగునిచ్చే జింక్ సల్ఫైడ్ కూడా అరిగిపోతుంది. అందుకని 1967 నాటిదని చెప్పే వాచీ దీపం ఆర్పగానే పచ్చగా మెరిసి గంటలకొద్దీ వెలుగుతుంటే, ఆ డయల్ అయినా సర్వీసులో వచ్చింది, లేదా లూమ్ మళ్ళీ పూశారు. నేను చిన్న యూవీ టార్చి వాడతాను. పాత ట్రిటియం టార్చి పడ్డప్పుడు కాస్త వెలిగి, తీయగానే క్షణాల్లో చల్లారిపోతుంది. పాత రేడియం చాలావరకు వెలగనే వెలగదు. రేడియం గురించి ఒక జాగ్రత్త చెప్పాలి, పూత వెలగకపోయినా రేడియం ఎక్కడికీ పోదు, దాని అర్ధాయువు 1600 ఏళ్ళు. గైగర్ కౌంటర్ (రేడియోధార్మికత కొలిచే పరికరం) పెడితే అద్దం మీంచే చప్పుడు చేస్తుంది. ట్రిటియం కిరణాలైతే అద్దం కూడా దాటలేవు. అనుమానం ఉన్న వాచీని ఇంట్లో విప్పి ఆ పూతని గీకడం, ఊదడం దయచేసి చెయ్యకండి. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం.

డయల్ లూమ్‌నీ ముళ్ళ లూమ్‌నీ పక్కపక్కన పెట్టి చూడడం అందరూ చెప్పేదే కానీ కాస్త జాగ్రత్తగా చెయ్యాలి. రెండింటి రంగూ అచ్చంగా ఒకటే ఉండాలన్న రూలేం లేదు. ముళ్ళ మీద పూత కింద ఏ ఆసరా లేకుండా కిటికీలో మైనం నింపినట్టు ఉంటుంది, డయల్ మీద గట్టి లోహం మీద ఉంటుంది, కలిపిన జిగురూ వేరు కావొచ్చు. కాబట్టి లేత తేడా సహజమే. తేనె రంగు చుక్కల పక్కన తెల్లటి ముళ్ళుంటే మాత్రం అది సహజం కాదు. అలాగే చుక్కలూ ముళ్ళూ అన్నీ ఒకే చక్కటి కాఫీ రంగులో, ఒక్క పగులూ లేకుండా, యూవీ కింద ఒకేలా వెలిగితే అది కూడా నన్ను భయపెడుతుంది. వయసైపోయిన రంగు కనిపించేలా కలిపి పూయడం ఇప్పుడు చాలామందికి వచ్చు. రేడియం డయల్స్‌లో ఇంకో నమ్మకమైన గుర్తు ఉంది. వాచీ ఏళ్ళ తరబడి ఆగిపోయి పడున్నప్పుడు, ముల్లు ఎక్కడ ఆగిందో దాని కింద డయల్ మీద గోధుమరంగు నీడ పడుతుంది. ఆ నీడ ఆకారం ఇప్పుడున్న ముల్లు ఆకారంతో కలుస్తోందా? సన్నటి కోసు ముల్లున్న వాచీలో వెడల్పాటి నీడ ఉంటే ముల్లు మార్చారన్నమాట. ఇలాంటి రుజువు దొరికితే నాకు భలే ఆనందంగా ఉంటుంది.

ముళ్ళ పొడవు కూడా చూడండి. నిమిషాల ముల్లు నిమిషాల గీతల దాకా రావాలి, క్రోనోగ్రాఫ్ సెకన్ల ముల్లు సెకన్లలో భాగాలు చూపించే గీతల మీద ఆనాలి. పొట్టిగా ఆగిపోయినా, దాటి పోయినా అది వేరే వాచీ ముల్లు.

ఇవన్నీ నేర్చుకోవడానికి ఒమేగా స్పీడ్‌మాస్టర్ కన్నా మంచి పాఠం ఇంకోటి లేదు, ఎందుకంటే 1957లో మొదటి మోడల్ 2915 వచ్చినప్పటినుంచి ఏ మార్పు ఎప్పుడు జరిగిందో చాలావరకు తెలుసు. మొదట్లో లోపల 321 మూవ్‌మెంట్ (వాచీ యంత్రం), అది లెమానియా కంపెనీ 2310 ఆధారంగా చేసింది, కాలమ్ వీల్ (క్రోనోగ్రాఫ్‌ని నడిపి ఆపే స్తంభాల చక్రం) ఉంటుంది, గంటకి 18000 కొట్టుళ్ళు (టిక్కులు). 1968లో 861 వచ్చింది, కాలమ్ వీల్ బదులు క్యామ్ (అదే పని చేసే సాదా పలక), 21600 కొట్టుళ్ళు. దాదాపు అదే సమయంలో డయల్ మీద అతికించిన లోహపు ఒమేగా గుర్తు పోయి అచ్చు గుర్తు వచ్చింది. అద్దం చుట్టూ ఉండే బెజెల్ వలయం మీద టాకీమీటర్ 90 దగ్గర చుక్క ఉంటుంది కదా, 1970 దాకా అది 90కి పైన, తర్వాత పక్కకి దిగింది. 1970ల మధ్యదాకా డయల్ అంచు దగ్గర మెట్టులా దిగేది, తర్వాత ఆ మెట్టు పోయింది. ఇప్పుడు వీటిని కలిపి చూడండి. 321 ఉన్న వాచీలో అచ్చు గుర్తూ, మెట్టు లేని డయలూ, చుక్క పక్కనున్న బెజెలూ ఉంటే, 70ల్లోనో 80ల్లోనో సర్వీసుకి వెళ్ళి మొహమంతా మార్పించుకుని వచ్చిందని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. అలాంటి వాచీ అంటే నాకు చులకన లేదు, పెట్టుకు తిరగడానికి అది చక్కటి వాచీ. కానీ దాన్ని 1966 నాటి ముట్టుకోని ముక్క అని అమ్మకూడదు. చుక్క పైనున్న పాత బెజెల్‌కి విడిగానే గిరాకీ బాగా పెరిగింది కాబట్టి దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. 1975 నాటి వాచీకి పాత బెజెల్ తగిలించి మొత్తానికి పాత రూపం తెస్తారు. అద్దం ప్లాస్టిక్కే అయితే లూప్‌తో సరిగ్గా మధ్యలోకి చూడండి, కంపెనీ అద్దమైతే లోపల చెక్కిన అతి చిన్న ఒమేగా గుర్తు ఉంటుంది. అది ఉంటే అద్దం కంపెనీదని తెలుస్తుంది, ఎప్పటిదో తెలియదు.

ఈ విషయంలో ఎంత పెద్దవాళ్ళైనా బోల్తా పడగలరని 2021 నవంబరులో జరిగిన జెనీవా వేలం చూపించింది. మొదటి తరం 2915 ఒకటి, డయల్ గోధుమరంగుకి తిరిగినది, 31 లక్షల స్విస్ ఫ్రాంకులకి పైగా పలికింది. 2023లో ఒమేగాయే ముందుకొచ్చి, అది వేర్వేరు పార్టులు పోగేసి కట్టిన వాచీ అనీ, ఇందులో తమ మాజీ ఉద్యోగుల ప్రమేయం ఉందనీ చెప్పింది. పోగేసిన వాటిలో నిజమైన పాత పార్టులే ఉన్నాయని మర్చిపోకండి. ప్రతి పార్టూ నిజమైనది కావడం, అవన్నీ ఒకే వాచీలో పుట్టడం, ఈ రెండూ వేరు వేరు ప్రశ్నలు.

రోలెక్స్ కంపెనీ క్రోనోగ్రాఫ్‌లైన డేటోనాల్లో గొడవంతా డయల్ దగ్గరే. మోడల్ 6239, 1963లో వచ్చింది, మామూలు నొక్కుడు పుషర్లు (పక్కనుండే బటన్లు). 6263లో మరతో బిగించే పుషర్లు, వాటర్ రెసిస్టెంట్ కేసు కాబట్టి డయల్ మీద ఆయిస్టర్ అనే మాట ఉంటుంది. నొక్కుడు పుషర్ల కేసులో ఆయిస్టర్ అని రాసిన డయల్ కనిపిస్తే అది అక్కడ పుట్టలేదు. హాలీవుడ్ నటుడి పేరుతో పాల్ న్యూమన్ డయల్ అని పిలిచే రకానికి ఒక్కదానికే మిగతా వాచీ మొత్తం కన్నా ఎక్కువ విలువ ఉంటుంది, అందుకే మామూలు డయల్ తీసి అది వేయడం ఎప్పటినుంచో జరుగుతున్నదే, దొంగ డయల్స్‌కీ కొదవలేదు. చిన్న డయల్స్‌లో గీతల చివర చిన్న చతురస్రాలుంటాయి, అవి పదునైన మూలలతో ఉండాలి. నేనైతే నమ్మకమైన పాత నమూనా ఫోటో పక్కన పెట్టుకోకుండా ఈ డయల్ మీద మాట కూడా మాట్లాడను.

ఇక మూవ్‌మెంట్. వెనక మూత తీయించకుండా క్రోనోగ్రాఫ్ కొనకండి, దీని మీద నాకు ఏ మినహాయింపూ లేదు. వాల్జూ కంపెనీ చేసిన 72 మూవ్‌మెంట్ అయితే బ్యాలెన్స్ వీల్ (అటూ ఇటూ ఊగే చక్రం) కింద పలక మీద వాల్జూ గుర్తూ 72 అంకే ముద్రించి ఉంటాయి. హాయర్ కంపెనీ కరెరా, ఆటావియా మోడళ్ళ మొదటి తరాల్లోనూ, ఆనాటి డేటోనాల్లోనూ ఇదే కుటుంబం. చాలా కంపెనీలు ఒకే మూవ్‌మెంట్ కొనుక్కుని వాడాయి కాబట్టి పార్టులు అటూ ఇటూ మారడం ఎంతో సులువు. అందుకే బ్రిడ్జిల (చక్రాలని పట్టి ఉంచే పలకల) రంగు చూడాలి. ఒమేగా 321కి ఎర్రటి రాగి రంగు పూత ఉంటుంది. ఒక బ్రిడ్జి మిగతావాటి కన్నా లేతగానో పసుపుగానో ఉంటే అది ఇంకో మూవ్‌మెంట్ నుంచి వచ్చింది. అమెరికాకి ఎగుమతైన వాటి మీద దిగుమతి సంకేతంగా మూడక్షరాలు చెక్కేవాళ్ళు, ఒమేగాకి ఓఎక్స్‌జీ, బ్రైట్లింగ్‌కి డబ్ల్యూఓజీ. ఒక కంపెనీ డయల్ కింద ఇంకో కంపెనీ సంకేతం కనిపిస్తే ఇక వేరే రుజువు అక్కర్లేదు. స్క్రూల తలలు కూడా చూడండి, గాడి అంచులు చితికి ఉంటే తొందరపాటు చేతులు పడ్డాయని అర్థం. దానికీ అసలు పార్టుకీ నేరుగా సంబంధం లేదు గానీ, అలాంటి చేతులు పార్టుల విషయంలోనూ పట్టింపు చూపించి ఉండవు.

మూత తీయకుండా చేతికి తెలిసే తేడాలు కూడా కొన్ని ఉన్నాయి. కాలమ్ వీల్ ఉన్నది నొక్కితే మెత్తగా, ఒకే తూగులో పడుతుంది. క్యామ్ ఉన్నది మొదట గట్టిగా ఉండి టక్కున దిగుతుంది. లాండెరాన్ 48 అనే మూవ్‌మెంట్‌లో అయితే పై పుషర్ నడిపిస్తుంది, ఆపడానికీ సున్నాకి తేవడానికీ కింది పుషర్ నొక్కాలి. ఇది తెలియక చెడిపోయిందనుకుని వదిలేసేవాళ్ళున్నారు. వాల్జూ 72 అని చెప్పి ఇచ్చిన వాచీ ఇలా పనిచేస్తే మాత్రం లోపల ఉన్నది వేరే మూవ్‌మెంట్.

సీకో 6139 మీద మోజున్నవాళ్ళకి ఒక సులువు. వెనక ఉన్న సీరియల్ నంబర్‌లో మొదటి అంకె సంవత్సరం చివరి అంకె, రెండోది నెల, అక్టోబరుకి సున్నా (లేదా ఓ), నవంబరు డిసెంబరులకి ఎన్, డి అక్షరాలు. 1969లో మొదలైన మోడల్ కాబట్టి ఇంచుమించు గందరగోళం రాదు. 1970 ప్రాంతంలో సీకో వాటర్‌ప్రూఫ్ అనే మాట మానేసి రెసిస్ట్ అని రాయడం మొదలుపెట్టింది. వెనక సీరియల్ 4తో మొదలై డయల్ మీద ప్రూఫ్ అని ఉంటే, డయలైనా మూతైనా రెండింట్లో ఒకటి ఇంకో వాచీది. ఈ మోడల్‌కి బయట చేసిన డయల్స్ విపరీతంగా ఉన్నాయి. రంగు మరీ కొత్తగా మెరుస్తుంటే, అడుగున సన్నగా ఉండాల్సిన నంబర్ లావుగా అలుక్కుపోయి ఉంటే పక్కన పెట్టేయండి.

కేసు మార్చడం అరుదు, అరగదీయడం సర్వసాధారణం. పదునుగా వంపు తిరగాల్సిన లగ్ (స్ట్రాప్ తగిలించే కొమ్ము) అంచులు సబ్బుబిళ్ళలా గుండ్రబడితే పాలిష్ చక్రం చాలాసార్లు ఎక్కిందన్నమాట. హాయర్ లాంటివాటికి నంబర్లు లగ్‌ల మధ్యన ఉంటాయి, స్ట్రాప్ తీసి చూడాలి. అవి లోతుగా స్పష్టంగా ఉన్నాయా, సీరియల్ చెప్పే కాలం డయల్ చెప్పే కాలంతో కలుస్తోందా. మూత లోపలివైపు మోడల్ నంబర్ ఉంటుంది, దాని పక్కన పాత మెకానిక్‌లు సూదితో గీసిన చిన్న తేదీలూ గుర్తులూ ఉంటాయి. నాకు అవంటే చాలా ఇష్టం, ఆ వాచీ ఎవరెవరి బల్ల మీద పడుకుందో అక్కడే తెలుస్తుంది. మూవ్‌మెంట్ మీద ఎక్కడైనా తుప్పు మరక ఉంటే ఎదురుగా మూత లోపల కూడా దాని జాడ ఉండాలి.

అద్దం, గ్యాస్కెట్లు (నీళ్ళు రాకుండా పెట్టే రబ్బరు రింగులు), మెయిన్‌స్ప్రింగ్ గురించి బెంగపడకండి, అవి మార్చాల్సినవే. క్రౌన్ (కీ ఇచ్చే గుబ్బ) కూడా అరిగిపోయేదే. కంపెనీ గుర్తున్న సర్వీస్ క్రౌన్ ఉంటే నేను మారు మాట్లాడను. ఒమేగా స్టీల్ బ్రేస్‌లెట్ ఉంటే క్లాస్ప్ (బిగించే కొక్కెం) లోపల తేదీ ముద్ర కోసం చూడండి, 1039 నంబర్ బ్రేస్‌లెట్ లాంటివాటికి త్రైమాసికం, సంవత్సరం వేసి ఉంటుంది. అది వాచీ కన్నా రెండేళ్ళు వెనకో ముందో ఉంటే ఏం ఫరవాలేదు, పదేళ్ళ తేడా ఉంటే బ్రేస్‌లెట్ తర్వాత వచ్చిందని రాసుకోండి.

కాగితాల మీద మరీ నమ్మకం పెట్టుకోవద్దు. కంపెనీ ఆర్కైవ్ ఇచ్చే పత్రం ఈ సీరియల్ నంబర్ మూవ్‌మెంట్ ఫలానా మోడల్‌గా ఫలానా రోజున ఫలానా దేశానికి వెళ్ళిందని చెబుతుంది. ఇప్పుడు దాని మీదున్న డయల్ అప్పటిదేనని చెప్పదు, చెప్పలేదు కూడా. కొనేముందు మీరు అడగాల్సింది అద్దానికి ఎదురుగా తీసిన డయల్ ఫోటో, యూవీ కింద ఒకటి, మూత తీసి మూవ్‌మెంట్‌ది, మూత లోపలిది, లగ్‌ల మధ్యది, నాలుగు పక్కల నుంచి కేసుది. ఇవి అడిగితే విసుక్కునేవాళ్ళ దగ్గర నేను కొనను.

కొన్నాక సర్వీసుకి ఇచ్చేటప్పుడు ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. కేసు పాలిష్ చెయ్యొద్దు, లూమ్ ముట్టుకోవద్దు, డయల్ కడగొద్దు, ఏదైనా పార్టు మార్చక తప్పకపోతే ముందు ఫోన్ చెయ్యండి, తీసిన పార్టు పారేయకుండా చిన్న కవర్లో పెట్టి వాచీతోపాటు తిరిగివ్వండి. ఆ కవర్ మీద తేదీ, ఏం మార్చారు, ఎందుకు అనేది కూడా రాయమనండి. మీ తర్వాత ఆ వాచీ చేతికొచ్చినవాళ్ళు నేను పైన రాసిందంతా మళ్ళీ మొదటినుంచి చెయ్యక్కర్లేకుండా ఆ కవర్ చూసుకుంటే సరిపోతుంది.